మబ్బు గుంపు తుపాను అగునా?

మా ఊరు వినుకొండ. సీతాదేవిని రావణుడు అపహరించిన వార్తను శ్రీరామచంద్రుడు ఈ కొండమీదనే వినెననియు, అందుచే దీనికి ఆ పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఆ కథ ఎట్లున్నను, కార్తీక మార్గశిర మాసములలో మా ప్రాంతపు ఇండ్లలో చెవియొగ్గి వినెడి వార్త ఒక్కటే. అది, బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినదన్న వార్త. ఆ మాట రేడియోలో వినబడగానే అరుగుమీది సంభాషణ ఆగిపోవును. అప్పటికి పత్తి చేలలో కాయలు పగిలి తెల్లగా విచ్చియుండును. మిరప తోటలు కొన్ని పూతమీద, కొన్ని తొలి కోతకు సిద్ధముగా ఉండును. మాకును సముద్రమునకును నడుమ, తిన్నగా కొలిచినచో, ఇంచుమించు 80 కిలోమీటర్ల దూరము మాత్రమే కలదు. బాపట్ల తీరమును తుపాను తాకిన నాడు మా చేలకు గాలి తగ్గి రావచ్చును గాని, వాన మాత్రము తగ్గి రాదు.

అల్పపీడనమన్న మాట వెంబడే ప్రతి ఇంట ఒక ప్రశ్న పుట్టును. ఇది బలపడునా, లేక ఇట్లే చెదరిపోవునా? ఇది తీరికకొద్దీ వేసెడి ప్రశ్న కాదు. బలపడునని నమ్మి కూలీలను ఒక్కసారిగా పిలిచినచో కూలి రేటు పెరుగును. మంచు ఆరకముందే తీసిన పత్తికి నెమ్ము పట్టి ధర తెగును. రంగు తిరుగని మిరపకాయను కోసినచో అది తాలుగా మిగులును. బలపడదని ఊరకున్న పిమ్మట తుపాను వచ్చినచో విచ్చిన పత్తి నల్లబడి నేలరాలును, మిరప మొదళ్లలో నీరు నిలిచి వేరు కుళ్లును. తీరమున నున్నవారికైనచో అది ప్రాణములకు సంబంధించిన ప్రశ్న. కావున ఆకాశమునుండి ఉపగ్రహములు పంపెడి చిత్రములను చూచి నిపుణులు ఈ ప్రశ్నకు ఏ విధముగా జవాబు వెదకుదురో, ఆ జవాబును మనము ఎట్లు వినవలెనో నేడు విచారింతము.

ముందుగా కొంచెము గతమును తలచుకొందము. 1960 ఏప్రిల్ 1వ తేదీన అమెరికా వారు టైరాస్ అను మొదటి వాతావరణ ఉపగ్రహమును అంతరిక్షమునకు పంపిరి. మేఘములను పైనుండి వరుసగా చూచు అవకాశము మానవునికి అప్పుడే లభించినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తు నాటికి మన దేశమునకు సొంత వాతావరణ ఉపగ్రహము లేదు. భూమిని చుట్టివచ్చెడి విదేశీయ ఉపగ్రహములు మన సముద్రముమీదుగా పోవునపుడు తీసిన చిత్రములే ఆధారము. ఒక చిత్రమునకును మరియొక చిత్రమునకును నడుమ గంటలకొలది ఎడము ఉండెడిది. ఆనాడు హెచ్చరికలు వెలువడక పోలేదు. ఐనను సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రము గ్రామములకు గ్రామములనే తుడిచివేసినది. అధికారిక లెక్కల ప్రకారమే ఇంచుమించు 10,000 మంది మరణించిరి.

1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి కక్ష్యలోనికి పోయిన తరువాత పరిస్థితి మారినది. ఇది భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానముగా తిరుగుచు, మన దేశమును ఎల్లప్పుడును చూచుచుండెను. 1990 మే 9న కృష్ణానది ముఖద్వారము వద్ద తీరము దాటిన తుపాను 1977 నాటి దానితో పోల్చదగినంత బలమైనది. కాని ఆ తుపానును ఉపగ్రహము మొదటినుండియు కనిపెట్టియుండెను. లక్షలాది ప్రజలను ముందుగా సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచినది. అదియు చిన్న సంఖ్య కాదు. ఐనను ముందుగా తెలిసికొనుటకును, తెలిసిన మాటను ప్రజలు నమ్మి కదలుటకును ఎంత విలువ కలదో ఈ రెండు సంవత్సరములను పక్కపక్కన ఉంచి చూచినచో బోధపడును. 2016లో పంపిన ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుండి పంపిన ఇన్సాట్-3డిఎస్ అను ఉపగ్రహములు నేడు అరగంటకొక చిత్రమును పంపగలవు.

ఇంతగా చిత్రములు వచ్చుచుండగా ఇక కష్టమేమి అని తోచవచ్చును. కష్టము అక్కడనే కలదు. ఉపగ్రహము గాలిని చూడలేదు. మబ్బును మాత్రమే చూడగలదు. అందులోను పగటివేళ సూర్యకాంతిలో తెల్లగా కనబడు చిత్రము ఒకటి, రాత్రింబగళ్లు వేడిమిని బట్టి తీయు పరారుణ చిత్రము ఒకటి. మబ్బు ఎంత ఎత్తునకు పోయిన దాని శిఖరము అంత చల్లబడును. సముద్రముమీది బలమైన ఉరుముల మబ్బు 15 కిలోమీటర్లు మించి లేచినచో దాని శిఖరమున సున్నకు దిగువ 70, 80 డిగ్రీల చలి ఉండును. పరారుణ చిత్రములో అట్టి చోటులకు ఎర్రని రంగో, నల్లని రంగో వేసి చూపుదురు. ఆ రంగు చలికి గుర్తే గాని గాలి వేగమునకు గుర్తు కాదు.

నేడు ఈ చిత్రములు అందరి చేతిలోని ఫోనులలోను కనబడుచున్నవి. ఒక తెల్లవారుజామున మా వీధిలోని కుర్రవాడొకడు ఫోను తెచ్చి, "పెదనాన్నగారూ, సముద్రమంతా ఎర్రబారిపోయినదండీ, రేపటికి తుపాను తప్పదు" అని చూపెను. నిజమే, మబ్బు పెద్దదిగానే ఉండెను. సాయంకాలము చూచునప్పటికి ఆ ఎరుపులో సగము లేదు. మరునాటికి అది చెదరిన దూదివలె మిగిలెను. ఆ కుర్రవాడు చూచినది అబద్ధము కాదు, తొందరపాటు. నడి సముద్రముమీద మబ్బులకు ఒక దినచర్య కలదు. రాత్రివేళ వాటి శిఖరములు వేడిమిని ఆకాశములోనికి విడిచి చల్లబడును. దానిచే తెల్లవారునప్పటికి మబ్బు మరింత పొంగును. మధ్యాహ్నము తిరిగినపిమ్మట చాలవరకు అణగును. కావున సాయంకాలపు చిత్రమును మరునాటి తెల్లవారుజాము చిత్రముతో పోల్చినచో ప్రతి మబ్బును బలపడుచున్నట్లే కనబడును. ఉదయపు చిత్రమును సాయంకాలపు చిత్రముతో పోల్చినచో ప్రతిదియు క్షీణించుచున్నట్లే తోచును.

ఈ చిక్కును విప్పుటకు అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు వెర్నన్ డ్వొరాక్ 1970 దశకములో ఒక పద్ధతిని రూపొందించి, 1984లో దానిని సవరించి ప్రకటించెను. మన వాతావరణ శాఖ వారు నేటికిని ప్రధానముగా దానినే అనుసరించుచున్నారు. ఇప్పటి చిత్రమును నిన్నటి ఇదే వేళ చిత్రముతో పోల్చుట దాని ప్రాణము. ఇరువది నాలుగు గంటల ఎడముతో పోల్చినచో మబ్బు దినచర్య లెక్కలోనికి రాదు; నిజమైన మార్పు మాత్రమే మిగులును. పాలవాడు ఆవు పాడి పెరిగినదా, తగ్గినదా అని తెలిసికొనుటకు ఉదయపు పాలను ఉదయపు పాలతోనే పోల్చును గదా, ఇదియు అట్టిదే.

ఐనను పోల్చుటకు ముందు, ఈ మబ్బు గుంపును లెక్కలోనికి తీసికొనవచ్చునా అని నిశ్చయింపవలెను. దానికి మూడు ప్రశ్నలు వేయుదురు. మొదటిది, ఈ గుంపు పండ్రెండు గంటలైనను నిలిచినదా? ఒక్క పూట ఉరిమి పోవునది గుంపే గాని వ్యవస్థ కాదు. రెండవది, దీనికి ఒక కేంద్రము కలదా? మబ్బు పోగులు ఒక స్థలమును చుట్టి వంపు తిరుగుచున్నట్లు కనబడవలెను. ఆ స్థలము ఇంచుమించు 275 కిలోమీటర్ల వెడల్పు లోపున, ఆరు గంటలైనను, నిలుకడగా గుర్తింపదగినదై ఉండవలెను. మూడవది, ఆ కేంద్రమునకు దగ్గరలోనే చల్లని, దట్టమైన మబ్బు తగినంత విస్తీర్ణముగా ఉన్నదా? కేంద్రము ఒకచోట, మబ్బు మరియొకచోట ఉన్నచో అది ఇరుసు తప్పిన చక్రము వంటిది. ఈ మూడింటికిని అవునని జవాబు వచ్చిననాడు మాత్రమే నిపుణులు దానికి ఒకటి అను సంఖ్య వేయుదురు.

ఆ తరువాత ప్రతి దినమును ఆ సంఖ్య పెరుగుచున్నదా, నిలిచినదా, తగ్గుచున్నదా అని చూతురు. మబ్బు పట్టీ కేంద్రమును ఎంతమేర చుట్టినదో కొలుతురు. సుమారు సగము చుట్టునప్పటికి అది తుపాను స్థాయిని సమీపించినట్లు; పూర్తిగా ఒక చుట్టు చుట్టినచో అతి తీవ్ర తుపాను స్థాయికి వచ్చినట్లు లెక్క. దట్టమైన చల్లని మబ్బు నడుమ వెచ్చని నల్లని రంధ్రము కనబడినచో అది తుపాను కన్ను. సంఖ్య ఒకటిన్నర అయినచో వాయుగుండము, రెండు అయినచో తీవ్ర వాయుగుండము, రెండున్నర అయినచో తుపాను, మూడున్నర అయినచో తీవ్ర తుపాను, నాలుగు అయినచో అతి తీవ్ర తుపాను అని స్థూలముగా చెప్పవచ్చును. సాధారణముగా బలపడు వ్యవస్థ దినమునకు ఒక సంఖ్య చొప్పున ఎదుగునని డ్వొరాక్ గమనించెను. అంతకంటె వేగముగా ఎదుగునవియు ఉన్నవి. వాటి విషయమున నిపుణులు మరింత జాగరూకులై ఉందురు.

మబ్బును చూచినంతనే చాలదు. దాని చుట్టు నున్న పరిసరములను కూడ చూడవలెను. విత్తనము మంచిదైనను నేల, పదును కుదరనిచో మొలక నిలువదు. తుపానుకు నేల సముద్రము. దాని ఉపరితలము ఇంచుమించు 26, 27 డిగ్రీలకు మించి వెచ్చగా ఉండవలెను; ఆ వెచ్చదనము లోతుగా కూడ ఉండవలెను. తుపానుకు పదును గాలిలోని తేమ. నడిమి ఎత్తులలో పొడిగాలి చొరబడినచో మబ్బు ఎండిపోవును. ఉపగ్రహమునందలి నీటియావిరిని చూచు కన్ను దీనిని పట్టియిచ్చును. వీటన్నిటికంటె ముఖ్యమైనది, క్రింది గాలికిని పై గాలికిని గల తేడా. వంటయింటి పొగ గాలి లేనినాడు నిట్టనిలువుగా లేచును. గాలి వీచిన నాడు ఒక ప్రక్కకు ఒరిగి చెదరును. మబ్బు స్తంభము కూడ అంతే. క్రింద ఒక దిక్కునుండియు, పైన మరియొక దిక్కునుండియు బలముగా వీచినచో దాని తల ఒక వైపునకు, మొదలు మరియొక వైపునకు పోవును. అప్పుడు చిత్రములో కేంద్రము మబ్బు క్రిందనుండి బయటపడి బోసిగా కనబడును. ఇది క్షీణించుటకు గట్టి గుర్తు. పై ఎత్తున పలుచని మబ్బు నలువైపులకు ప్రదక్షిణ దిశలో విచ్చుకొనుచు, క్రింది మబ్బు అప్రదక్షిణముగా చుట్టుకొనుచున్నచో అది బలపడుటకు గుర్తు.

మన తీరమున జరిగిన రెండు ఉదాహరణములను చూతము. 2013 నవంబరులో అండమాను ప్రాంతమున పుట్టిన లెహర్ తుపాను 25వ తేదీన పోర్ట్‌బ్లెయిర్ సమీపమున ద్వీపములను దాటి, 26వ తేదీకి అతి తీవ్ర తుపాను అయ్యెను. గాలి వేగము గంటకు సుమారు 140 కిలోమీటర్లు. దాని ముఖము మచిలీపట్నము వైపు ఉండెను. కొలది దినముల క్రిందటనే, 22వ తేదీన, హెలెన్ తుపాను అదే తీరమును తాకియుండుటచే భయము రెట్టింపయ్యెను. కాని లెహర్ మన తీరమును సమీపించుకొలదిని పై గాలుల తేడా హెచ్చినది, పొడిగాలి చొరబడినది, సముద్రములోని వెచ్చదనము తగ్గినది. 28వ తేదీ మధ్యాహ్నము మచిలీపట్నము వద్ద తీరము దాటునప్పటికి అది వట్టి వాయుగుండముగా మిగిలెను.

రెండవది 2023లో వచ్చిన మిగ్‌జాం. డిసెంబరు 1న వాయుగుండము, 2న తీవ్ర వాయుగుండము, 3న తుపాను, 4న తీవ్ర తుపాను. మెట్టు తరువాత మెట్టు, దినము తరువాత దినము, అది ఎక్కుచునే వచ్చినది. నడక మందగించి తీరము ప్రక్కన నిలిచినట్లే సాగుటచే చెన్నై నగరము జలమయమైనది. డిసెంబరు 5 మధ్యాహ్నము బాపట్లకు దక్షిణమున గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముతో తీరము దాటినది. మన జిల్లాలలో చేతికి వచ్చిన పంటలకు విస్తారముగా నష్టము కలిగినది. ఈ రెండింటిని పుట్టిననాటి ఒక్క చిత్రముతోనే తీర్పు చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. వరుసగా వచ్చిన చిత్రములే వాటి గుణమును బయటపెట్టినవి.

మబ్బును మాత్రమే చూచు కన్నుకు తోడుగా ఇప్పుడు మరి కొన్ని కన్నులు వచ్చినవి. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుండి పంపిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహము సముద్రముమీదికి రేడియో తరంగములను పంపి, అలలపై లేచిన చిరుముడుతల నుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి, నీటిమీది గాలి వేగమును, దిక్కును లెక్కగట్టును. గాలి నిజముగా చుట్టు తిరుగుచున్నదా, ఒక వైపు తెరచియున్నదా అని దీనివలన తెలియును. సూక్ష్మతరంగ కన్నులు గల ఉపగ్రహములు పైనున్న పలుచని మబ్బు ముసుగును దాటి లోపలి వాన పట్టీలను చూపును. కాని ఇవి భూమిని చుట్టివచ్చునవి. మనకు కావలసిన వేళకు మన సముద్రముమీద ఉండవలెనని లేదు. తుపాను తీరమునకు దగ్గరకు వచ్చినపిమ్మట విశాఖపట్నము, మచిలీపట్నము, శ్రీహరికోట, చెన్నైలలోని రాడారులు దానిని అందుకొనును. అంతవరకు నడి సముద్రములో ఉపగ్రహమే ప్రధాన సాక్షి. ఆ సాక్షి చెప్పినది అంచనాయే. ఒకే చిత్రమును చూచి ఇద్దరు అనుభవజ్ఞులు అర సంఖ్య తేడాతో చెప్పుట కలదు. నిన్నటి ప్రకటన నేడు మారినచో అది తప్పును కప్పిపుచ్చుకొనుట కాదు. కొత్తగా చూచినదానిని చెప్పుట.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసియున్నది. ఇంతవరకు మనము చెప్పుకొన్న బలము గాలికి సంబంధించినది. వాన లెక్క వేరు. 2024 ఆగస్టు చివర బంగాళాఖాతములో ఏర్పడిన వాయుగుండము తుపాను కానేలేదు. సెప్టెంబరు 1 తెల్లవారకముందే అది కళింగపట్నము సమీపమున తీరము దాటినది. కాని దాని వానలకు బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇండ్లు మునిగినవి. కావున "బలహీనపడినది" అన్న మాట వినబడినంతనే, ఆపద తప్పినదని పట్టలు చుట్టిపెట్టరాదు. గాలి ఎంత, వాన ఎంత అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగవలెను. మా వంటి మెట్ట ప్రాంతములకు వాననుగూర్చిన మాటయే ఎక్కువ ముఖ్యము.

ఇక వాతావరణ ప్రకటనను ఎట్లు వినవలెను? అందులోని ప్రతి మాటకును ఒక కొలత కలదు. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకొన్నచో వాయుగుండము, 50 దాటినచో తీవ్ర వాయుగుండము, 62 అందుకొన్నచో తుపాను, 89 అందుకొన్నచో తీవ్ర తుపాను, 118 అందుకొన్నచో అతి తీవ్ర తుపాను. వాయుగుండము ఏర్పడునా అన్న విషయమున వాతావరణ శాఖ వారు నూటికి 33 వరకు స్వల్ప అవకాశమనియు, 67 వరకు మధ్యస్థ అవకాశమనియు, ఆపైన హెచ్చు అవకాశమనియు చెప్పుదురు. కావున అల్పపీడనమని వినిననాడు భయపడవలసిన పని లేదు. అవకాశము స్వల్పమా, హెచ్చా అని వినవలెను. మరునాడు అదే వేళకు మరల వినవలెను. మెట్టు పెరిగినదా, నిలిచినదా అని ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. ఇంటిలో చదువుకొను పిల్లలకు ఈ పని అప్పగించినచో వారికి భూగోళపాఠము, మనకు లెక్క, రెండును కుదురును.

పనులను కూడ మెట్టు ప్రకారమే చేసికొనవచ్చును. అవకాశము స్వల్పమన్న నాడు మిరప తోటలోని మురుగు కాలువలు పూడియున్నవేమో చూచికొనవలెను. దీనికి ఖర్చు తక్కువ, వాన రాకున్నను నష్టము లేదు. అవకాశము హెచ్చన్న నాడు పూర్తిగా విచ్చిన పత్తిని మంచు ఆరిన తరువాత తీయించి నీడకు చేర్చవలెను. విచ్చని కాయను ముట్టరాదు. వాయుగుండమై, మన తీరము పేరు ప్రకటనలో వినబడిననాడు కల్లములోని కాయను పోగుచేసి పట్టలు కప్పవలెను, పశువులను గట్టు చోటికి తోలవలెను, ఎరువులు, పురుగుమందులు చల్లుట ఆపవలెను. తుపాను హెచ్చరిక వచ్చిననాడు పంటమాట విడిచి మనుష్యుల మాట చూడవలెను. పాత మట్టిగోడల ఇండ్లలో ఎవరును పండుకొనరాదు. సముద్రతీరమున బంధువులున్నచో వారిని మన ఇంటికి రమ్మని కబురుపెట్టుట మన విధి.

2013లో ముందుజాగ్రత్తగా ఇల్లు విడిచినవారిలో కొందరికి, తుపాను రాలేదు గదా, శ్రమ వృథా అయ్యెనని తోచి యుండవచ్చును. అట్లు తలచుట న్యాయము కాదు. లెహర్ సముద్రముమీదనే చల్లబడుట మన అదృష్టము. అది అట్లు చల్లబడునని రెండు దినముల ముందు పందెము కాయదగినంత నమ్మకముగా ఎవరును చెప్పజాలరు. ఒకసారి రానిదానికి సిద్ధపడినందున పోవునది ఒక దినపు కూలి. ఒకసారి వచ్చినదానికి సిద్ధపడనందున పోయినదేమో 1977 నవంబరులో దివిసీమ చూచినది.

మా పెద్దలు తూర్పుగాలి తీరును, సంధ్యాకాశపు రంగును చూచి వాన జాడ చెప్పెడివారు. వారును ఒక్క సాయంకాలపు ఎరుపును చూచి తీర్పు చెప్పలేదు. నిన్న ఎట్లుండెను, మొన్న ఎట్లుండెను అని తలచుకొనిన పిమ్మటనే మాట విడిచెడివారు. వారు మా కొండపైని ఆకాశమును చూచిరి. ఉపగ్రహము బంగాళాఖాతమంతటిని చూచుచున్నది. చూచు మేర పెరిగినది గాని, ఓపికతో పోల్చవలెనన్న నియమము మారలేదు. ఈసారి అల్పపీడనమని వినబడినపుడు, ఎంత పెద్ద మబ్బు అని మాత్రమే కాక, నిన్న ఈ వేళకు ఎట్లుండెను అని కూడ అడుగుదము. ఆ జవాబును బట్టి రేపటి పనిని నిర్ణయించుకొందము. సెలవు.